ఎర్త్ వైపు బ్యాటరీయే ఎందుకు పోతోంది?

ఈసారి ఉత్తరం అనంతపురం జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడ పేరూ ఊరూ వద్దన్నారు. నోటు పుస్తకంలోంచి చింపిన నాలుగు కాగితాలు, రెండు వైపులా రాత. సగం బండి గోడు, సగం ఇంటి గోడు. క్లుప్తంగా చెబుతాను.

భర్త పేరు మీద 2019 మోడల్ పన్నెండు టైర్ల లారీ ఉంది. ఆయనకు నడుము ఆపరేషన్ అయినప్పటి నుంచి స్టీరింగ్ పట్టలేదు. కిరాయిలు, కిస్తీలు, డీజిల్ లెక్కలు అన్నీ ఈవిడే చూస్తున్నారు. పాత బండి రోజుల నుంచీ వాళ్ళ దగ్గరే ఉన్న డ్రైవరు నడుపుతున్నాడు. అనంతపురం మార్కెట్లో చీనీకాయలు ఎత్తి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో దింపడం, అక్కడి నుంచి కాశ్మీర్ వెళ్ళి ఆపిల్ లోడుతో హైదరాబాదు బాటసింగారం మార్కెట్‌కు రావడం. ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు మిగిలేది ఈ చలికాలపు ట్రిప్పుల్లోనేనట.

పోయిన జనవరిలో ఖాజీగుండ్ దగ్గర మంచు పడి రోడ్డు మూసేశారు. మూడు రాత్రులు లైన్లోనే. రెండో రోజు తెల్లవారి సెల్ఫ్ కొడితే ఇంజను రెండుసార్లు ఊఁ ఊఁ అని మూలిగి ఆగిపోయింది. తర్వాత ఉత్త టక్ టక్. పక్క లారీ వాళ్ళకు రెండు వేలిచ్చి, కేబుల్ తగిలించి స్టార్ట్ చేయించుకుని, అనంతనాగ్‌లో వాళ్ళు చెప్పిన రేటుకు ఒక కొత్త బ్యాటరీ వేయించారు. బండికి బ్యాటరీలు రెండు; మార్చింది ఎర్త్ వైపుది, అంటే మైనస్ కొన బండి బాడీకి బిగించినది. డ్రైవరుకు ఆ చలికి పట్టిన దగ్గు నెల రోజులు వదల్లేదు.

ఇప్పుడు ఆ బ్యాటరీకి పది నెలలు. మళ్ళీ నీరసించింది. బిల్లు ఉంది కదా అని వారంటీకి తీసుకెళ్తే, ఒక రోజు ఉంచుకుని, ఛార్జ్ చేసి, 'బ్యాటరీలో లోపం లేదు, మీ బండిలోనే ఛార్జింగ్ అందడం లేదు' అని తిప్పి పంపారు. మెకానిక్ మీటరు పెట్టి ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీలను ఛార్జ్ చేసేది) 28 వోల్టులు ఇస్తోంది, బాగుందన్నాడు. రెండో బ్యాటరీ మాత్రం 2022 చివర్లో వేసిందే, ఇంకా నడుస్తోంది. కాకపోతే ప్రతి ట్రిప్పుకూ నీళ్ళు తాగేస్తోంది. ఎర్త్ వైపుది మాత్రం 2022లో ఒకటి, 2023 ఆఖర్లో ఒకటి, పోయిన జనవరిలో ఒకటి, మొత్తం మూడు మారాయి.

ఇక మనుషుల సంగతి. డ్రైవరు అంటాడు: "అక్కా, రెండూ కొత్తవి, మంచి కంపెనీవి వేస్తేనే నేను జమ్మూ దాటి ఎక్కేది." భర్త అంటారు: పోయింది ఒకటే కదా, ఒకటే మార్చు. ఆటో ఎలక్ట్రీషియన్ అంటాడు: సెల్, అంటే బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో పోయినది, మార్పిస్తే నాలుగు వేలతో పోతుంది. బావగారికి, అంటే భర్త అన్నగారికి, ఊళ్ళోనే బ్యాటరీ షాపు. ఆయన స్థానికంగా కట్టే 180 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత నిల్వ ఉంటుందో చెప్పే అంకె) బ్యాటరీల జత 21 వేలకు, అదీ అరువుకు ఇస్తానంటున్నారు. ఆపరేషన్ నాటి 40 వేలు ఆయనకింకా బాకీ. బయట మంచి కంపెనీవి, ఇప్పుడున్న 150 ఏహెచ్ సైజులోనే, జత 29 వేలు, రొక్కం. ఈవిడ చేతిలో 16 వేలున్నాయి. పదో తేదీన కిస్తీ.

ఉత్తరం చివరి మాట ఇది: "ఎవరి మాట విన్నా ఇంకొకరిని కాదన్నట్టే అవుతుంది. నేను బండెక్కిన దాన్ని కాను. నాకేం తెలుసని ఎదురు అడగాలి?"

*

అమ్మా,

మీకేం తెలుసో మీ ఉత్తరంలోనే ఉంది. మూడో కాగితం వెనక, డ్రైవరు గురించి మంచి మాట చెబుతూ ఒక వాక్యం రాశారు. 2022లో కొత్త బ్యాటరీలు వేయించినప్పుడే 'దూరాభారం తిరిగేవాడు, కాస్త సుఖంగా ఉంటుందని పాటల సెట్టు, ఫోన్ ఛార్జింగ్, చిన్న ఫ్యాను పెట్టించాం' అని. ఎర్త్ వైపు బ్యాటరీలు పోవడం మొదలైంది ఆ తర్వాతే. మీకు సలహా చెప్పిన నలుగురిలో ఎవరూ ఆ రెండు సంగతులనూ కలిపి చూడలేదు.

మీ బండిలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు, ఒకదాని వెనక ఒకటి కలిపి 24 వోల్టులు చేశారు. సెల్ఫ్ మోటారు, లైట్లు, హారన్ అన్నీ 24 మీదే. కానీ కారు పాటల సెట్టు, కారు ఫ్యాను 12 వోల్టులవి. వాటిని 24కి తగిలిస్తే కాలిపోతాయి. అందుకని ఎలక్ట్రీషియన్లు చేసే పని ఒకటుంది. నేనూ ఆటోనగర్ షాపులో కొత్తల్లో చేశాను, తెలియక. రెండు బ్యాటరీల మధ్య కలిపే పట్టీ దగ్గర ఒక వైరు తగిలించి తెస్తారు. బాడీకి ఎర్త్ అయిన బ్యాటరీ ఒక్కదాని నుంచే 12 వోల్టులు వచ్చేస్తాయి. ఐదు నిమిషాల పని, వంద రూపాయల వైరు.

ఇక లెక్క చూడండి. బండి లైన్లో ఆగి ఉంది, ఇంజను బంద్. సెట్టు, ఫ్యాను, రెండు ఫోన్లు కలిపి మూడు ఆంపియర్లు లాగాయనుకోండి. పది గంటలకు 30 ఏహెచ్. అదంతా ఎర్త్ వైపు దానిదే. రెండోది ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు. తర్వాత బండి కదిలింది, ఆల్టర్నేటర్ 28 వోల్టులు ఇస్తోంది. కానీ అది రెండిటికీ కలిపి ఇస్తుంది, ఏది ఆకలితో ఉందో దానికి తెలియదు. కడుపు నిండిన బ్యాటరీ మీద వోల్టేజి 15 దాకా లేస్తుంది, ఆకలిగా ఉన్నది 13 దగ్గరే ఉండిపోతుంది. పదిహేనూ పదమూడూ ఇరవై ఎనిమిదే కదా! మెకానిక్ మీటరుకు అంతా బాగుంది. వారంటీ వాళ్ళు చెప్పిందీ నిజమే, బ్యాటరీలో లోపం లేదు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండు బ్యాటరీలనూ విడివిడిగా చూసినవాళ్ళే లేరు.

మీ రెండో బ్యాటరీ నీళ్ళు తాగడానికీ ఇదే కారణం. దానికి అక్కర్లేని ఛార్జింగ్ ఎక్కుతోంది, లోపలి నీరు బుడగలై గాలిలో కలిసిపోతోంది. ఒకటి పస్తులతో, ఒకటి అజీర్తితో పోతున్నాయన్నమాట.

ఇది నా ఊహే కావచ్చు. మీరే తేల్చుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. కరెంటు సామాన్ల షాపులో డిజిటల్ మీటరు కొన్ని వందల్లో దొరుకుతుంది. బండి ఇంటి దగ్గరున్నప్పుడు అరగంట ఇంజను నడవనివ్వండి. డీసీ వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కూ నల్ల తీగ మైనస్‌కూ ఆనించి ఒక్కో బ్యాటరీనీ విడిగా చూడండి. రెండూ 14కి అటూ ఇటూ ఉంటే నేను తప్పు. ఒకటి 13 చిల్లర, ఒకటి దాదాపు 15 ఉంటే, ఆ మధ్య వైరే మీ దొంగ. అంకెలు కాగితం మీద రాసుకోండి, తర్వాత మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

దీనికి మందు 24 నుంచి 12కి దించే కన్వర్టర్. అరచేతి కంటే కాస్త పెద్ద డబ్బా, పది ఆంపియర్లది మామూలుగా వెయ్యి నుంచి రెండు వేల లోపే. మధ్య వైరు పీకేసి, కన్వర్టర్‌ను మొత్తం 24 మీద తగిలిస్తే రెండు బ్యాటరీలూ సమంగా మోస్తాయి. డ్రైవరు పాటలు డ్రైవరుకుంటాయి. దయచేసి సెట్టు మాత్రం పీకించకండి. తప్పు పాటలది కాదు, వైరుది. పైగా రెండున్నర వేల కిలోమీటర్లు పోయేవాడికి అవి కాలక్షేపం మాత్రమే కావు, నిద్ర ఆపుకునే సాధనం.

ఈ పని జరగకుండా మీరు 29 వేలవి వేసినా, 21 వేలవి వేసినా వచ్చే ఏడాది ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు.

ఇప్పుడు చలి సంగతి. బ్యాటరీని చంపేది చలి కాదు, మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో తారు రోడ్డు మీద, ఛాసిస్ పక్క ఇనుప పెట్టెలో ఉండే వేడికి బ్యాటరీ లోపల ప్లేట్లు తొందరగా తినేసుకుపోతాయి. కానీ వేడిలో ఇంజను సులువుగా తిరుగుతుంది కాబట్టి ఆ నీరసం మనకు కనిపించదు. చలి వచ్చాక బయటపడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర నిండా ఛార్జయిన మంచి బ్యాటరీ కూడా సెల్ఫ్ తిప్పే బలంలో మూడో వంతు పోగొట్టుకుంటుంది. మైనస్ 18 దగ్గర సగం కూడా మిగలదు. అదే సమయానికి ఇంజనాయిలు చిక్కబడి ఇంజను బరువెక్కుతుంది. ఇచ్చేవాడి చేయి సన్నబడినప్పుడే అడిగేవాడి అవసరం పెరుగుతుందన్నమాట. శ్రీనగర్‌లో 2024 డిసెంబరులో ఒక రాత్రి మైనస్ 8.5 నమోదైంది. డిసెంబరు 21 నుంచి నలభై రోజులను అక్కడ చిల్లై కలాన్ అంటారు, చలికి నడినెత్తి ఆ రోజులే. మీ బండి పోయిన జనవరిలో ఆగింది సరిగ్గా అప్పుడే.

ఇంకో ప్రమాదం ఉంది. నిండా ఛార్జయిన బ్యాటరీలో యాసిడ్ ఆ చలికి గడ్డకట్టదు, దానికి మైనస్ 40 దాకా ఢోకా లేదు. కానీ దిగిపోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్ళే. మైనస్ 7, 8 దగ్గరే గడ్డకడుతుంది. డబ్బా ఉబ్బుతుంది, పగులుతుంది. అలా గడ్డకట్టిన దానికి కేబుల్ తగిలించి స్టార్ట్ చేయబోతే పేలవచ్చు కూడా. పోయినసారి మీవాడు రెండు వేలతో బయటపడ్డాడు. ఈసారి డ్రైవరు 'ఎక్కను' అంటున్నది మొండితనం అనుకోకండి. మూడు రాత్రులు అక్కడ పడుకున్నవాడు అతనొక్కడే.

ఇక మీ ముందున్న దారులు. డబ్బు తక్కువయ్యే దానితో మొదలుపెడతాను.

ముందు ఆ పది నెలల బ్యాటరీ ఎంత బతికి ఉందో తేలాలి. దాన్ని బండి నుంచి దించి, తక్కువ కరెంటుతో, అంటే ఏడెనిమిది ఆంపియర్లతో, ఒక పగలూ రాత్రీ నిదానంగా ఛార్జ్ చేయించండి. గంటలో చేసిస్తామనే చోట వద్దు. తర్వాత ఒక రాత్రి ఊరికే ఉంచి పొద్దున చూడాలి. 12.6 దగ్గర ఉంటే సంతోషం. 12.2 ఉంటే సగమే ఎక్కినట్టు. తర్వాత మూతలు తీసి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూడమనండి. అన్నీ దగ్గర దగ్గరగా, కంపెనీ లేబుల్ మీద చెప్పిన అంకెకు చేరువలో ఉండాలి. ఐదు 1.24 ఉండి ఒకటి 1.17 ఉంటే ఆ సెల్ పోయినట్టే, ఇక ఆ బ్యాటరీ గురించి ఆలోచించకండి. అప్పుడు మళ్ళీ వారంటీకి వెళ్ళండి, ఈసారి ఆ అంకెలు పట్టుకుని. ఎవరైనా 'కాస్త యాసిడ్ పోస్తే సరి' అంటే ఒప్పుకోకండి. యాసిడ్ పోస్తే హైడ్రోమీటర్ లేస్తుంది, బ్యాటరీ లేవదు. ప్లేట్లు ఇంకా త్వరగా పోతాయి.

ఆ పరీక్షలో అది నెగ్గిందనుకోండి. అప్పుడు మీ ఆయన చెప్పిందే సగం నిజమవుతుంది, ఒకటే కొనొచ్చు. కాకపోతే ఆయన మార్చమన్నది ఎర్త్ వైపుది, మీరు మార్చాల్సింది రెండోది. మూడేళ్ళ ఎండ తిని, నీళ్ళు పోగొట్టుకున్న ఆ 2022 బ్యాటరీ ఈ చలికాలం దాటదు. పది నెలల దానికి జోడుగా అదే కంపెనీ, అదే ఏహెచ్ కొత్తది ఒకటి. కన్వర్టర్‌తో కలిపి మీ 16 వేలకు అటూ ఇటూ తేలుతుంది. నష్టం ఏమిటంటే, పది నెలలు పస్తులున్న బ్యాటరీ పూర్తి వయసు బతకదు. కాడికి ఒక పక్క కోడె, ఇంకో పక్క డస్సిపోయిన ఎద్దు అయితే కోడె కూడా త్వరగా అలసిపోతుంది, మీకు తెలియనిది కాదు. ఈ చలికాలం గడుస్తుంది, వచ్చే చలికాలానికి మళ్ళీ చూసుకోవాలి.

పరీక్షలో తప్పితే రెండూ మార్చాల్సిందే. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే నెల తయారీ. ఇక్కడ 29 వేలా 21 వేలా అన్నది అసలు ప్రశ్న. 29 వేల జతతో మీకొచ్చేది ముఖ్యంగా డ్రైవరు నమ్మకం, దారి పొడవునా సర్వీసు. జలంధర్‌లో ఆగినా, ఝాన్సీలో ఆగినా అదే కంపెనీ డీలరు ఉంటాడు. ఆ కంపెనీల్లో ఒకటి మన తిరుపతి పక్క కరకంబాడిదే. సొంతూరి ప్రేమతో కొనమనడం లేదు, ఏ పెద్ద కంపెనీదైనా పని ఒకటే. పోయేది మీ చేతి డబ్బు. 13 వేలు అప్పు చేయాలి, కిస్తీ ముందు.

బావగారి జతతో డబ్బు ఇప్పుడు కదలదు. కానీ కొన్ని సంగతులు ఆయన్నే అడగాలి. ఆ 180 ఏహెచ్‌వి మీ బండి ట్రేలో కూర్చుంటాయా? ఎత్తు ఎక్కువైతే పైన ఇనుప మూత టెర్మినల్‌కు తగిలి షార్టవుతుంది, బండ్లు తగలబడ్డ సందర్భాలు చూశాను. వదులుగా కూర్చుంటే గతుకులకు ప్లేట్లు రాలతాయి. పెద్ద బ్యాటరీ వేస్తే ఆల్టర్నేటర్ కాలిపోతుందని కొందరు భయపెడతారు, మామూలుగా అలా జరగదు. అలాగని ఏహెచ్ పెరిగితే సెల్ఫ్ బలం అంతే పెరుగుతుందనీ లేదు. ఏహెచ్ అంటే ఎంతసేపు ఇవ్వగలదో, ఎంత గట్టిగా ఇవ్వగలదో కాదు. గట్టిదనానికి వేరే కొలత ఉంది, సీసీఏ అంటారు. మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు, వోల్టేజి 7.2 కంటే పడిపోకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో ఆ అంకె. పెద్ద కంపెనీలు అడిగితే చెబుతాయి. స్థానికంగా కట్టేవాళ్ళు చాలామంది దాన్ని కొలవరు. ఊరి చుట్టూ తిరిగే టిప్పరుకు అది అక్కర్లేదు. కాశ్మీర్ దారిలో బనిహాల్ కొండ ఎక్కే బండికి కావాలి.

ఇంకోటి. స్థానిక బ్యాటరీల్లో చాలావాటికి షాపులోనే యాసిడ్ పోస్తారు. పోశాక మొదటి ఛార్జింగ్ గంటల తరబడి నిదానంగా ఎక్కాలి. 'పోశాం, బిగించాం, తీసుకెళ్ళండి' అంటే ఆ బ్యాటరీ పుట్టుకతోనే బలహీనం.

వారంటీ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే 48 నెలలు అనే అంకె చూసి చాలామంది మోసపోతారు. కార్డు మీద చదవండి. మొదటి కొన్ని నెలలే ఊరికే మార్చి ఇచ్చేది. మిగతా కాలం ప్రోరేటా, అంటే కొత్తదాని ధరలో ఇంత శాతం తగ్గింపు మాత్రమే. ఆ తగ్గింపు లెక్క ఎమ్మార్పీ మీద కడతారు. మీరు మామూలుగానే ఎమ్మార్పీ కంటే తక్కువకు కొంటారు కాబట్టి, చివరికి మిగిలేది చాలాసార్లు ఏమీ ఉండదు. ఊరికే మార్చి ఇచ్చే నెలలు ఎన్ని అన్నదే అడగండి. తయారీ నెల చూసుకోండి, ఆరు నెలలు షాపులో పడి ఉన్నది వద్దు. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. పాతవి ఊరికే వదిలిరాకండి, ఒక్కోటి నలభై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సీసం. దాని ధర దించుకున్నాకే రేటు మాట్లాడాలి.

సెల్ మార్పించే నాలుగు వేల దారి గురించి ఎక్కువ చెప్పను. ఇంటి దగ్గర బండికైతే సరే అనేవాణ్ణి. ఒక కొత్త సెల్, ఐదు పాత సెల్లులతో కాశ్మీర్ పంపితే మీ డ్రైవరు ఎక్కడు, ఎక్కకపోవడమే మంచిది.

ఇంకో దారి కూడా ఉంది, మీరు రాయలేదు. ఇప్పుడు కన్వర్టర్ మాత్రం వేయించి, బ్యాటరీలు నిదానంగా ఛార్జ్ చేయించి, ఈ నెల ఢిల్లీ వరకే నడపడం. తిరుగు లోడు ఆజాద్‌పూర్ చుట్టుపక్కలే వెతుక్కోవడం. ఆపిల్ కిరాయి అంత రాదు. కానీ ఢిల్లీ చలి సున్నా దాకా దిగడం అరుదు, బ్యాటరీ దిగినా పక్కనే మెకానిక్ ఉంటాడు. ఒకటి రెండు ట్రిప్పుల్లో జత కొనే డబ్బు చేతికొచ్చాక, జనవరిలో పైకి వెళ్ళొచ్చు. పుల్వామా వైపు కోల్డ్ స్టోరేజీల్లో ఆపిల్ అప్పటికీ ఉంటుంది. నేనైతే దీనివైపే మొగ్గుతాను. కానీ మీ కిరాయి లెక్కలు నాకు తెలియవు, మీకు తెలుసు.

బావగారి సంగతి. మీరు ఆయన్ను కాదనడం ఎలా అని ఆలోచిస్తున్నారు. నాకేమో కాదనాల్సిన అవసరమే కనిపించడం లేదు. ఆయనది బ్యాటరీ షాపు. ఆ కంపెనీ డిస్ట్రిబ్యూటరు దగ్గర మీకంటే ఆయనకే తక్కువకు వస్తుంది. "బావగారూ, జత మీ చేతి మీదుగానే తీసుకుంటాం. కాశ్మీర్ ఎక్కే బండి కాబట్టి ఫలానా కంపెనీది కావాలి. మీరు తెప్పిస్తే మీ లాభం మీరు వేసుకోండి, సగం ఇప్పుడు, సగం ట్రిప్పు వచ్చాక" అని మీరే మాట్లాడండి. మీ ఆయన చేత చెప్పించకండి. లెక్కలు చూసేది మీరని బావగారికీ తెలియాలి. ఒప్పుకుంటే సమస్య తీరిపోతుంది. 'నా బ్యాటరీకేం తక్కువ' అని నొచ్చుకుంటే, అప్పుడు ఆ మీటరు అంకెలూ, ట్రే కొలతలూ, సీసీఏ ప్రశ్నా ఆయన ముందు పెట్టండి. వాదనగా కాదు, పనివాడిని అడిగినట్టు. మంచి పనివాడైతే ఆయనే చెబుతాడు. చెప్పలేకపోతే మీకు సమాధానం దొరికినట్టే.

ఆ 40 వేల బాకీనీ దీనినీ కలపకండి. బాకీ ఉన్నాం కదా అని అక్కడే కొంటే, అరువు కదా అని నచ్చనిది కొంటే, బాకీ 61 వేలు అవుతుంది, బండి మళ్ళీ ఖాజీగుండ్‌లో ఆగితే తిట్టుకునేది కూడా ఆయన్నే. ఆ తిట్టు ఆపరేషన్ నాటి సాయాన్ని కూడా మింగేస్తుంది. వీలైతే నెలకు రెండు మూడు వేలు చొప్పున పాత బాకీ తీర్చడం ఇప్పుడే మొదలుపెట్టండి. అప్పుడు కొత్త బ్యాటరీ ఎక్కడ కొన్నా ఆయన ముందు తల దించుకోనక్కర్లేదు.

కొనే ముందు ఇంకో చిన్న పని. టెర్మినల్స్ విప్పి వేడినీళ్ళతో, కాస్త వంటసోడాతో కడిగించి, ఎర్త్ కేబుల్ ఛాసిస్‌కు బిగించే చోట తుప్పు గీకించండి. సెల్ఫ్ బలహీనంగా తిరగడానికి చాలాసార్లు ఆ తుప్పే కారణం. ఎనిమిది వందల రూపాయల కేబుల్ పోయి, ముప్పై వేల బ్యాటరీలు కొన్నవాళ్ళు నాకు తెలుసు.

డ్రైవరుతో కూడా కూర్చోండి. లైన్లో ఆగిన రాత్రి పార్కింగ్ లైట్లు అవసరం మేరకే, మూడు నాలుగు గంటలకోసారి అరగంట ఇంజను నడపాలి. గంటకు రెండు మూడు లీటర్లు పోతుంది, ఆ డీజిల్ లెక్క అతని మీద వేయనని ముందే చెప్పండి. లేకపోతే మీకు మిగల్చాలని చలిలో పడి ఉంటాడు. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లు మించి కొట్టకూడదు, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ. ఇంజను గిరగిరా తిరిగి కూడా అందుకోకపోతే అది బ్యాటరీ కాదు, డీజిల్ చిక్కబడింది. అప్పుడు సెల్ఫ్ కొట్టి కొట్టి ఉన్న బ్యాటరీ కూడా దించుకోవద్దని చెప్పండి. క్యాబిన్ అద్దాలు మూసి స్టవ్వు గానీ బొగ్గు కుంపటి గానీ పెట్టుకోవద్దని మాత్రం ఒట్టేయించుకోండి. దాని నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. ఒక మంచి రజాయి కొనిపెట్టండి, అది బ్యాటరీ కంటే చవక.

అన్నట్టు, మీ నాలుగు కాగితాల ఉత్తరంలో బ్యాటరీల గురించి చాలా ఉంది గానీ, రేడియేటర్ గురించి ఒక్క మాట లేదు. మన వైపు చాలామంది వేసవిలో కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్ళే పోసేస్తారు. ఆ నీళ్ళు ఖాజీగుండ్‌లో గడ్డకడితే పగిలేది ఇంజను బ్లాకు. బ్యాటరీ ధర దాని ముందు చిల్లర. నీళ్ళు కలపని కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపితే మైనస్ 30 దాకా భయం లేదు. రేపు డ్రైవరు ఫోన్ చేసినప్పుడు, అందులో ఇప్పుడు ఏం ఉందో ముందు అది అడగండి.